బాణం బదులు ముఖం

"తీసెయ్ దాన్ని," అన్నాడు నాన్న.

గొంతు పెద్దగా లేదు. పెద్దగా ఉండి ఉంటే పెద్దమ్మాయి ఇంత బెదిరేది కాదు. ఆయన అరిచే మనిషి. అరిచి, చల్లబడి, కాసేపటికి కాఫీ అడిగే మనిషి. ఈ మెల్లటి గొంతు ఆయన నోట ఇంతకు ముందు ఒక్కసారే విన్నది, చిన్నకూతుర్ని ఇంట్లోంచి పొమ్మన్న రోజున.

"ఒక్క నిమిషం నాన్నా. తెర వైపు కాదు, అమ్మ వైపు చూడండి."

"చూడాల్సింది చూశాను. తీసెయ్."

మందుల బల్లని అమ్మ మంచానికి ఆనించి, దాని మీద కంప్యూటరు పెట్టింది పెద్దమ్మాయి. తెర నిండా పెద్ద పెద్ద గళ్లు. ఒక గడిలో గ్లాసు బొమ్మ, కింద నీళ్లు అని. ఒక గడిలో దిండు బొమ్మ, కింద నిద్ర అని. అడుగున రెండు గళ్లలో బొమ్మల్లేవు, అవును, కాదు అని అక్షరాలే. ఏ గడి మీద నొక్కితే ఆ మాటని కంప్యూటరు పైకి చదువుతుంది. పక్షవాతం వచ్చి మాట పోయిన మనిషికి ఆ గళ్లే నోరు.

ఆ గళ్ల మధ్య, బాణం గుర్తు ఉండాల్సిన చోట, చొక్కా గుండీ అంత ముఖం ఒకటి నవ్వుతోంది. పిచ్చుక ముఖం. పుట్టిన దగ్గర్నుంచీ నోటికి మూత లేని చిన్నకూతుర్ని అమ్మే ఆ పేరు పెట్టి పిలిచేది. ఆ పిచ్చుక ఈ గడప తొక్కి ఏడాది కావస్తోంది.

"ముఖం చూడనని చెప్పినదాన్ని తెచ్చి నా ఇంట్లో నా కళ్ల ముందు ఆడిస్తున్నావా?"

"నేను ఆడించట్లేదు. అమ్మే కదుపుతోంది. అదే చూడమంటున్నా."

నిజమే. అమ్మ కుడిచెయ్యి దిండు మీద ఎవరిదో అన్నట్టు పడి ఉంది. ఎడమచెయ్యి మాత్రం మౌసు మీద ఉంది. అది వణుకుతూ అంగుళం జరిగింది. తెర మీద పిచ్చుక జరిగింది. అమ్మ కళ్లు పిచ్చుక వెంట జరిగాయి.

నాన్న వంగి, కంప్యూటరు వెనక నుంచి మౌసు తీగ పట్టుకుని ఊడలాగాడు.

ముఖం ఉన్నచోట ఆగిపోయింది. అమ్మ చెయ్యి ఆగలేదు. తోసింది, తెర వైపు చూసింది, మళ్లీ తోసింది. ముఖం కదలకపోయేసరికి చేతి వైపు చూసుకుంది, తప్పు చేతిదేమోనన్నట్టు. పెదవి ఒక మూల అదిరింది. శబ్దం రాలేదు.

"శుక్రవారం డాక్టరమ్మ వస్తుంది నాన్నా. ఆవిడ ఏమందో మీరూ విన్నారు."

"నేను వినలేదు."

"గుమ్మంలోనే నిలబడ్డారు."

నాన్న తీగని అరచేతికి చుట్టాడు, విప్పాడు, బల్ల మీద పడేశాడు.

"బాణమే పెట్టు. గోడంత బాణం పెట్టుకో, నేనేమీ అనను. అది మాత్రం నా ఇంట్లో ఏ రూపంలోనూ వద్దు."

ఆయన వరండాలోకి వెళ్లి కుర్చీ లాక్కున్న చప్పుడు వినిపించింది. పెద్దమ్మాయి నేల మీద కూర్చుని, బల్ల కిందికి దూరి, తీగ కొసని మళ్లీ దాని చోటు కోసం వెతికింది. కళ్లలో నీళ్లు అడ్డం వచ్చి చోటు దొరకలేదు.

*

వారానికోసారి వచ్చి మాటలు నేర్పే ఆవిడని ఈ ఇంట్లో డాక్టరమ్మ అంటారు. కిందటి శుక్రవారం ఆవిడ మొహమాటం లేకుండానే చెప్పేసింది. అమ్మ కళ్లు తెర మీది బాణాన్ని పట్టుకోవడం లేదు. బాణం ఎక్కడుందో తెలియకపోతే చెయ్యి ఎటు కదపాలో తెలియదు. వచ్చేవారం కూడా ఇదే తంతు అయితే, ఇక తన రాక వృథా అని రాసివ్వక తప్పదు. తన కోసం ఎదురుచూసే రోగులు బోలెడుమంది.

గుమ్మంలో చెప్పులేసుకుంటూ ఇంకో మాట అంది. "ఆ బాణం ఆవిడకి ఏమవుతుందని చూస్తుందమ్మా? ఏమైనా అయ్యేవాళ్లని పెట్టి చూడు."

పెద్దమ్మాయి పని చేసేది ఫోటో స్టూడియోలో. బట్టతలల మీద పల్చగా నీడ పరచడం, మొటిమలు మాయం చేయడం, ఎక్కడో చెట్టు కింద దిగిన ముఖాన్ని ఒలిచి తెల్లటి గోడ ముందు నిలబెట్టడం ఆమె రోజువారీ పని. ముఖాన్ని వెనకున్న లోకం నుంచి కత్తిరించి తీయడం ఆమెకి ఉల్లిపొర తీసినంత తేలిక. బాణం చోట ముఖం పెట్టడం మాత్రం ఆమె ఎప్పుడూ చేయలేదు. కుదురుతుందని తెలుసు, అంతే.

మొదట నాన్న ముఖం పెట్టింది. అమ్మ కళ్లు మూసుకుంది.

తర్వాత తన ముఖం పెట్టింది. పెడుతుంటే సిగ్గేసింది, ఆశగానూ ఉంది. అమ్మకి ఒళ్లు తుడిచేది తను. ముద్ద పెట్టేది తను. స్టూడియోలో సగంపూట పనికే ఒప్పుకుని మిగతా రోజంతా ఈ మంచం దగ్గర గడిపేది తను. అమ్మ చూపు ఆ చిన్న ముఖం మీది నుంచి, గోడ మీది మరకని దాటినట్టు దాటి, కిటికీ వైపు పోయింది. మౌసు మీద చెయ్యి కదల్లేదు.

పొద్దస్తమానం ఎదురుగా ఉండేదాన్ని తెర మీద కొత్తగా ఏం చూస్తుందిలే అని తనకి తాను సర్దిచెప్పుకుంది. మనసు ఆ మాట వినలేదు.

ఇక మిగిలింది పిచ్చుక. స్టూడియోలో చేరిన కొత్తలో సరదాకి ఇంట్లోవాళ్లని నిలబెట్టి తీసిన ఫోటో ఒకటి ఉంది. అందులో అందరూ ఊపిరి బిగబట్టి నిలుచుంటే పిచ్చుక ఒక్కతే ఏదో వాగుతూ నవ్వుతోంది. ఆ ముఖాన్ని కత్తిరించింది. కుదిస్తే కళ్లూ ముక్కూ కలిసిపోయి గోధుమరంగు మచ్చ అయింది. జుట్టు తీసేసింది, మెడ తీసేసింది, చెవులు తీసేసింది. కళ్లూ నవ్వూ మాత్రం ఉంచి, వెలుగు పెంచి, చుట్టూ నల్లటి అంచు గీసింది. వెనక భాగాన్ని ఏమీ లేకుండా చేసింది, లేకపోతే ముఖంతో పాటు తెల్లటి చతురస్రం కూడా తెర మీద తిరుగుతుంది.

అంతా అయ్యాక కంప్యూటరు ఒక ప్రశ్న అడిగింది. నొక్కినప్పుడు ఆ నొక్కు బొమ్మలో ఏ చుక్క దగ్గర పడాలి? బాణానికైతే మొన ఉంది. ముఖానికి మొన ఏది? గడ్డం చూపించింది. నిద్ర అని నొక్కబోతే నొక్కు దాని కింది గడిలో పడింది. మళ్లీ మొదలుపెట్టి ముక్కు కొస చూపించింది. అప్పుడు సరిపోయింది.

స్టూడియో యజమాని భుజం మీది నుంచి తొంగిచూశాడు. "ఇంత ఫోటో ఏ ఆఫీసువాళ్లు అడిగారమ్మా? చీమలకి గుర్తింపుకార్డులు ఇస్తున్నారా?"

ఆమె నవ్వింది. నవ్వి ఎన్నాళ్లో అయిందేమో, దవడలు నొప్పి పుట్టాయి.

ఆ ముఖాన్నే ఇవాళ ఇంట్లో పెట్టింది. అమ్మ చూసింది. చెయ్యి కదిపింది. ఏడాదిలో మొదటిసారి. ఆ సంతోషం పూర్తిగా లోపలికి దిగకముందే నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

*

"భోజనానికి రండి నాన్నా."

"ఆకలి లేదు."

"పొద్దున్నుంచీ ఏమీ తినలేదు మీరు."

పెద్దమ్మాయి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. వీధిలో ఎవరో స్కూటర్ని తన్ని తన్ని స్టార్ట్ చేయలేకపోతున్నారు. నాన్న దాన్నే చూస్తున్నాడు, అంత శ్రద్ధగా చూడాల్సింది అందులో ఏదో ఉన్నట్టు.

ఈ ఇంట్లో అలక అంటే ఇదే. పలక్కపోవడం. అమ్మ అలిగిందంటే ఆ పూటకి పెదవి విప్పేది కాదు. పిలిస్తే తల తిప్పేది కాదు. గరిటె చప్పుళ్లని బట్టి కోపం ఎంత ఉందో లెక్కేసుకోవాలి. నాన్నకి అది అలవాటు, పిల్లలకీ అలవాటు. ఆ అలవాటే కొంప ముంచింది.

ఆ రోజు అమ్మకీ పిచ్చుకకీ మాటామాటా పెరిగింది. నేర్చుకుంటున్న కోర్సు మధ్యలో మానేస్తానంది పిచ్చుక. అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. కాసేపటికి పిచ్చుక గదిలోంచి పిలిచింది, పలకలేదు. మళ్లీ పిలిచింది, పలకలేదు. సరే అనుకుని తలుపేసుకుని పడుకుంది. పెద్దమ్మాయి స్టూడియో నుంచి వచ్చేదాకా అమ్మ వంటింటి నేల మీదే పడి ఉంది. తొందరగా తెచ్చి ఉంటే మాటా చెయ్యీ చాలావరకు దక్కేవి అన్నారు ఆస్పత్రిలో. ఆ ఒక్క మాట నాన్నకి దొరికింది.

"నిద్రపోయిందే అది," అన్నాడు నాన్న స్కూటరు వైపే చూస్తూ. "తల్లి అవతల పడి ఉంటే హాయిగా నిద్రపోయింది. మధ్యన ఒక్క గోడ."

"దానికి తెలియదు నాన్నా."

"తెలుసుకోవాలి. పిలిస్తే పలక్కపోతే లేచి వెళ్లి చూడాలి. అంత బద్ధకమా? అంత పొగరా?"

"మనందరం అంతేగా. అమ్మ పలక్కపోతే అలిగిందనేగా మనమూ..."

"నన్ను కలపకు." ఆయన చటుక్కున తిరిగాడు. మళ్లీ ముఖం తిప్పేసుకున్నాడు. చొక్కా జేబులోని ఫోనుని అరచేత్తో అదిమి పట్టుకుని ఉన్నాడు. "నన్ను దాంతో కలపకు," అన్నాడు ఈసారి గొంతు లేకుండా.

పెద్దమ్మాయి పళ్లెం మీద మూత పెట్టి, లోపలికి వెళ్లింది. అమ్మ మేలుకునే ఉంది. ఆపేసిన తెరలో తన నీడనే చూస్తోంది.

*

లాండ్రీ వెనక గదిలో వేడికి ఊపిరాడదు. హోటళ్ల నుంచి వచ్చిన దుప్పట్లు గుట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి. పిచ్చుక ఇస్త్రీ చేస్తోంది. అక్క వచ్చిందని తల ఎత్తి, మళ్లీ దించుకుంది.

"మీ చెల్లెలు ఎప్పుడూ ఇంతేనా అమ్మా?" అంది దుకాణం నడిపే ఆవిడ మూటలు మోసుకుంటూ. "నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు ఉంటుంది. పనికి మాత్రం వంక పెట్టలేను."

ఆవిడ ముందు గదిలోకి వెళ్లేదాకా ఆగి, పెద్దమ్మాయి జరిగింది చెప్పింది. ముఖం కత్తిరించడం, అమ్మ చూడటం, చెయ్యి కదలడం. నాన్న తీగ ఊడలాగింది చెప్పలేదు.

పిచ్చుక ఇస్త్రీపెట్టెని నిలబెట్టింది. "ఎలా చూసింది?"

"ఎలా ఏమిటే? చూసింది. నువ్వు ఎటు పోతే అటు చూసింది."

"దొంగని కూడా అలాగే చూస్తారు అక్కా."

పెద్దమ్మాయికి ఆ సంగతి తట్టనే లేదు. చూపు ఉందా లేదా అన్నంతవరకే ఆలోచించింది. చూపులో ఏముందో చూడలేదు.

"అమ్మ నీ మీద కోపంతో ఉందని ఎందుకనుకుంటావు?"

"లేదని నువ్వెందుకనుకుంటావు?" పిచ్చుక దుప్పటి అంచులు కలిపింది, కలవలేదు, విప్పి మళ్లీ కలిపింది. "నేను పిలిచినప్పుడు అమ్మకి వినిపించే ఉంటుంది. పలకాలని చూసి ఉంటుంది. పలకలేకపోయి ఉంటుంది. నేనేమన్నానో తెలుసా? 'సరే, మాట్లాడకు' అన్నాను. గట్టిగా అన్నాను, వినపడాలనే. మాట్లాడకు అన్నాను, మాట్లాడటం మానేసింది."

"పిచ్చి మాటలు మాట్లాడకు."

"నువ్వు కూడా అదే అంటున్నావు," అని పిచ్చుక నవ్వబోయింది. ఫోటోలో నవ్వుకీ దీనికీ పోలిక లేదు. "నా ముఖం తీసెయ్ అక్కా. నీ ముఖం పెట్టు."

"పెట్టాను. నన్ను చూడలేదు."

ముందు గదిలో ఉతుకుడు యంత్రం గిరగిర తిరిగి ఆగింది.

"నువ్వు రోజూ పక్కనే ఉంటావుగా, అందుకని," అంది పిచ్చుక.

"నేనూ అదే అనుకున్నా."

ఆ మాట ఇద్దరిలో ఎవరూ నమ్మలేదు.

పెద్దమ్మాయి లేవబోతుంటే పిచ్చుక ఆమె కొంగు పట్టుకుంది. "ఒకటి చెప్తాను. నాన్నకి మాత్రం చెప్పకు. ఆ రోజు వంటింట్లో అమ్మ ఫోను మోగుతూనే ఉంది. నాన్నే చేశాడు. ఆయన చేస్తే వచ్చే మోత వేరు కదా. మోగి ఆగి, మళ్లీ మోగింది. పొద్దున అమ్మ ఆయనతోనూ గొడవపడింది కాబట్టి కావాలనే ఎత్తట్లేదు అనుకున్నాను. ఆయనా అదే అనుకుని ఉంటాడు. అందుకే ఇంటికి రాలేదు. అమ్మ చల్లబడేదాకా ఎక్కడో కూర్చున్నాడు."

పెద్దమ్మాయి మళ్లీ కూర్చుంది. జేబు మీద నాన్న అరచెయ్యి కళ్లలో మెదిలింది. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదే? నిన్ను పొమ్మన్నప్పుడైనా ఎందుకు అనలేదు?"

"అంటే ఏమవుతుంది? నన్ను తిట్టుకుంటూ ఎలాగో బతుకుతున్నాడు. అది కూడా లాగేసుకుంటే ఆయన ఎవర్ని తిట్టుకోవాలి, తననేగా?"

దుప్పటి మడత పూర్తయింది. పిచ్చుక దాన్ని గుట్ట మీద పెట్టి, ఇంకోటి అందుకుంది.

*

శుక్రవారం డాక్టరమ్మ మెట్లెక్కుతుండగానే పెద్దమ్మాయి ఫోను మోగింది.

"ఆవిడ వచ్చేసిందా?" పిచ్చుక గుసగుసలాడింది. "ఫోను కట్ చెయ్యకు. పక్కన పెట్టెయ్. నేను మాట్లాడను, వింటాను. అంతే."

వద్దనడానికి వ్యవధి లేదు. పెద్దమ్మాయి ఫోనుని బోర్లించి, మందుల సీసాల వెనక పెట్టింది.

నాన్న కూడా గదిలోకి వచ్చాడు. ఎప్పుడూ రానివాడు బీరువా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కాపలాకి వచ్చాడని పెద్దమ్మాయికి అర్థమైంది. ఆయన అన్నట్టే బాణం పెట్టి ఉంచింది. పసుపుపచ్చటి బాణం, నల్లటి అంచు, తెరకి ఎంత పెద్దది పడితే అంత.

డాక్టరమ్మ అమ్మ చెయ్యిని మౌసు మీద పెట్టింది. "అమ్మా, నీళ్లు ఎక్కడున్నాయో చూపిస్తారా?"

అమ్మ డాక్టరమ్మ గాజుల వైపు చూసింది. దుప్పటి వైపు చూసింది. బాణం ఎదురుగానే ఉంది. చూపు దాన్ని తాకలేదు.

ఆవిడ ఓపిగ్గా మళ్లీ అడిగింది. మళ్లీ అడిగింది. చివరికి పెన్ను మూత తీసింది.

"ఇంకేదైనా పెట్టి చూశావా అమ్మా?"

పెద్దమ్మాయి నాన్న వైపు చూసింది. ఆయన కిటికీ వైపు చూస్తున్నాడు.

"పెట్టాను," అంది.

ఎవరూ అనుమతి ఇవ్వలేదు. ఆమె అడగలేదు కూడా. వంగి, సెట్టింగుల్లోకి వెళ్లి, బాణం పేరు పక్కన ఆ చిన్న ఫైలుని చూపించి నొక్కింది. తెర మీద పిచ్చుక నవ్వింది.

స్టూలు కిర్రుమంది. నాన్న లేచాడు. లేచినవాడు వెళ్లలేదు, ముందుకీ రాలేదు.

అమ్మ కళ్లు వచ్చి ఆ ముఖం మీద వాలాయి. చెయ్యి కదిలింది. డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టేసింది.

"నీళ్లు చూపించండమ్మా."

ముఖం తడబడుతూ, పక్కకి పోయి, వెనక్కి వచ్చి గ్లాసు బొమ్మ మీదికి చేరింది. అమ్మ వేలు నొక్కింది.

"నీళ్లు," అంది కంప్యూటరు.

ఏడాది తర్వాత అమ్మ ఆడిన మొదటి మాట అది. పరాయి ఆడమనిషి గొంతుతో వచ్చినా అమ్మ మాటే. పెద్దమ్మాయి గ్లాసు తెచ్చి తాగించింది. సగం నీళ్లు అమ్మ గడ్డం మీదికి కారాయి. కొంగుతో తుడిచింది.

"ఎవరీ అమ్మాయి?" అని అడిగింది డాక్టరమ్మ తెరని చూపిస్తూ.

"మా చెల్లెలు."

"ఇక్కడుండదా?"

పెద్దమ్మాయి గ్లాసుని మందుల బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మకి ఈ ఇంటి సంగతులు తెలియవు. ఊపు వచ్చింది కదా అని అమ్మ వైపు వంగి, ముద్దుగా అడిగింది. "మీ చిన్నమ్మాయిని చూడాలని ఉందా అమ్మా?"

అడ్డుపడాలని పెద్దమ్మాయి నోరు తెరిచింది. అప్పటికే ముఖం కదిలింది. అడుగు వరసలోకి దిగింది. అవును దగ్గర ఆగింది. చాలాసేపు ఆగింది. వేలు నొక్కలేదు. ముఖం ఇంకొంచెం జరిగింది.

"కాదు," అంది కంప్యూటరు.

నాన్న మెల్లగా గాలి వదిలాడు.

"విన్నావుగా," అన్నాడు. గెలిచినవాడి గొంతు కాదది. అయినా అన్నాడు. "అదే చెప్పింది. మీ అమ్మే చెప్పింది."

డాక్టరమ్మ నొసలు ముడిపడింది. "ఉండండి, ఉండండి." కిటికీలోంచి ఎండ వచ్చి అమ్మ మోకాళ్ల మీద పడుతోంది. "అమ్మా, ఇప్పుడు పగలేనా?"

"కాదు."

"మనం మీ ఇంట్లోనే ఉన్నామా?"

"కాదు."

"ఈవిడ మీ పెద్దమ్మాయేనా?"

"కాదు."

డాక్టరమ్మ అమ్మ చేతిని నిమిరి, మౌసు మీది నుంచి తీసింది. "అవునుకీ కాదుకీ తేడా ఆవిడకింకా అందలేదు. ఇలాంటి వాళ్లలో ఇది మామూలే. నీళ్లు అడగటం నిజం, ఆ ముఖాన్ని చూడటం నిజం. కాదు అన్నదాన్ని మాత్రం ఇప్పుడే పట్టించుకోకండి. తప్పు నాదే, ఆ ప్రశ్న అడక్కుండా ఉండాల్సింది. వచ్చేవారం నుంచి మళ్లీ వస్తాను. ఇక ఆపేది లేదు."

ఇక ఆపేది లేదు. ఆ మాట కోసమే పెద్దమ్మాయి ఇన్ని రోజులు కుతకుతలాడింది. ఇప్పుడు అది చెవిన పడుతుంటే చెయ్యి మందుల సీసాల వెనక్కి పోయింది. ఒక సీసా దొర్లి కింద పడింది. ఫోను తిప్పి చూసింది.

కట్ అయిపోయి ఉంది.

ఎక్కడిదాకా విన్నది? మొదటి కాదు దాకానా? డాక్టరమ్మ మాటల దాకానా?

"ఎవరది?" అన్నాడు నాన్న.

"చెల్లి." ఆమె అప్పటికే మళ్లీ నంబరు నొక్కుతోంది. "మొదటి నుంచీ వింటూనే ఉంది నాన్నా. మీరన్నది కూడా విని ఉంటుంది."

మోగింది. మోగి మోగి ఆగింది. మళ్లీ చేసింది. ఈసారి ఎత్తారు.

"పిచ్చుకా, అది నిజం కాదే, అమ్మ అన్నింటికీ కాదనే..."

"నేనమ్మా, లాండ్రీలోంచి," అంది దుకాణం ఆవిడ. "మీ చెల్లెలు ఫోను దుప్పట్ల మీద వదిలేసి వెళ్లిపోయింది. ఇస్త్రీపెట్టె కూడా ఆపలేదు, దుప్పటి కాలి పొగ వస్తుంటే పరిగెత్తుకొచ్చాను. ఏమైందమ్మా?"

"ఎప్పుడు వెళ్లింది? ఎటు వెళ్లింది?"

"ఇప్పుడే. చెప్పులు కూడా ఇక్కడే ఉన్నాయి. పిలిచాను, వెనక్కి తిరగలేదు."

పెద్దమ్మాయి మెట్ల మీదికి పరిగెత్తింది. సగం దిగాక వెనక అడుగుల చప్పుడు వినిపించింది. నాన్న. చొక్కా జేబులోంచి ఫోను తీసి చేతిలో పట్టుకున్నాడు, ఎవరికి చేయాలో తెలియనట్టు.

"ఆగవే." రొప్పుతున్నాడు. "ఒక మాట. ఆ రోజు... మీ అమ్మ పడిపోయిన రోజు నేనూ..."

"తెలుసు నాన్నా. మీరు ఫోన్ చేశారు. అమ్మ ఎత్తకపోతే అలిగిందనుకున్నారు."

నాన్న మెట్ల పక్కన కమ్మీని పట్టుకున్నాడు. "ఎవరు చెప్పారు?"

"చెల్లి. దానికి ఆ రోజే తెలుసు. మీరు పొమ్మన్నప్పుడు కూడా తెలుసు."

ఆయన ముఖంలో ఏదో ఊడి పడిపోయింది. పెద్దమ్మాయి అది చూడటానికి ఆగలేదు. వీధిలోకి వచ్చి పరుగెత్తింది, వెనకే నాన్న అడుగులు. కూడలి దాకా వచ్చాక ఆగాల్సి వచ్చింది. అక్కడ దారి రెండుగా చీలుతుంది. ఒకటి లాండ్రీకి పోతుంది. రెండోది గోదాముల పక్క నుంచి రైలు పట్టాల దగ్గరికి.

దుకాణంలో అడిగితే ఏదైనా తెలుస్తుంది. అక్కడ ఎవరైనా చూసి ఉంటారు. ఆమె లాండ్రీ వైపు తిరిగి, "రండి నాన్నా," అంది.

పక్కన నాన్న లేడు. ఆయన అప్పటికే రెండో దారిలో, గోదాముల గోడ పక్కన, వట్టి కాళ్లతో, తనకి చేతనైనంత గట్టిగా చిన్నకూతుర్ని పేరు పెట్టి పిలుస్తూ పోతున్నాడు.